పదేళ్ల గ్యారంటీ

ముందే చెప్పేస్తున్నాను, నాది మంచి నోరు కాదు. మంచి నోరున్న వాళ్ల బాకీలు వసూలు కావని ఈ కాంట్రాక్టుల్లో దిగాకే తెలిసింది. కాబట్టి ఇందులో ఎవరినైనా నాలుగు మాటలు ఎక్కువ అంటే, అది నోరు జారి అన్నది కాదు, కావాలనే అన్నానని అనుకోండి.

మా ఆయన వాటర్‌ప్రూఫింగ్ మేస్త్రి. మేడ కట్టేవాళ్లు వేరు, రంగులేసేవాళ్లు వేరు. పైన కురిసిన వాన కింద గదిలోకి దిగకుండా చూసేది మా ఆయన. టెర్రస్ అంతా గీకి శుభ్రం చేసి, పగుళ్లు తవ్వి పూడ్చి, గోడా నేలా కలిసే మూలలన్నీ గుండ్రంగా మలిచి, ఆ మీద నీళ్లు దిగనివ్వని మందు పూతలు, పూతల మధ్య జాలీ గుడ్డ, పైన సిమెంటు. అంతా ఆరాక చుట్టూ చిన్న కట్ట కట్టి, మడమలు మునిగేదాకా నీళ్లు నింపి, ఎంతవరకు నింపారో గోడ మీద సుద్దతో గీత గీసి రోజుల తరబడి అలాగే వదిలేసేవారు. తర్వాత కింద ఇంట్లోకి వెళ్లి సీలింగు వైపు తలెత్తి, "ఒక్క చుక్క కారినా మీసం తీసేస్తా" అనేవారు. అలా ఆయన అసలు పేరు పోయి చుక్క మేస్త్రి అయ్యారు. ఇన్నేళ్లలో మీసం తీసే అవసరం రాలేదు. కూలీలు, బిల్లులు, బతిమాలడాలు, పోట్లాటలు మాత్రం నా వంతు.

మమ్మల్ని ముంచినవాడు ఒక అపార్టుమెంట్ల కంపెనీకి చైర్మన్. ఎప్పుడూ తెల్ల బూట్లు వేసుకుంటాడు. సిమెంటు సైటుకి తెల్ల బూట్లేసుకుని వచ్చేవాడు పని చూడటానికి రాడు, తనని చూపించుకోవడానికి వస్తాడు. వాడి పక్కనే ఎప్పుడూ భార్య తమ్ముడు ఉండేవాడు. సైట్లో అందరూ అతన్ని 'బావమరిది' అనే పిలిచేవాళ్లు, ఎందుకంటే అతనికి చేతనైన పని అదొక్కటే. చైర్మన్ ఉండే బంగళా, తిరిగే కారు, కొన్న స్థలాలు అన్నీ బావమరిది పేరు మీదే ఉండేవి. చైర్మన్ సొంత పేరు మీద ఉన్నవి అప్పులే.

వాళ్ల పెద్ద బిల్డింగు టెర్రస్ పని మేం చేశాం. నీళ్లు నిలబెట్టి చూపించాం, చుక్క కారలేదు. చివరి బిల్లు పెట్టిన వారంలోనే చైర్మన్‌కి ఓ ముచ్చట పుట్టింది. తన కంపెనీ పేరు రోడ్డు చివరి నుంచి కూడా కనపడేలా టెర్రస్ మీద లైట్ల బోర్డు పెట్టాలట. ఆ పని బావమరిదికి అప్పజెప్పాడు. అతను డ్రిల్లింగు మిషను తెప్పించి, మా ఆయన వేసిన పూతలోకి బొటనవేలంత లావు బోల్టులు దించాడు. మా ఆయన పరుగెత్తుకుంటూ పైకెళ్లి మిషనుకి అడ్డం నిలబడ్డారు.

"బాబూ, ఆపండి! కింద మందు పూత ఉంది. చిల్లు పడిందంటే ఇంక నీళ్లు దిగడమే."

"ఏం మేస్త్రీ, నీ బెంగ టెర్రస్ గురించా, మీసం గురించా?" అన్నాడు బావమరిది. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు.

మొదటి వానకే పై అంతస్తు ఇళ్లు కారాయి. అదే సాకు దొరికింది చైర్మన్‌కి. "కారే టెర్రస్‌కి డబ్బులేంటమ్మా?" అన్నాడు నన్ను చూసి. బోల్టుల సంగతి చెప్తే ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మందు కొన్న దుకాణానికి బాకీ, కూలీలకి బాకీ. నా గాజులు అమ్మి కూలీల లెక్క తీర్చాను. దుకాణంవాడు మాత్రం పొద్దున్నే గుమ్మంలోకి వచ్చి కూర్చునేవాడు. మేం చైర్మన్ ఆఫీసు మెట్ల మీద కూర్చునేవాళ్లం. లోపలికి రానివ్వరు. మా చెప్పులు అరిగాయి కానీ వాడి మనసు కరగలేదు.

ఆ మెట్ల మీదే ఒక మధ్యాహ్నం, నేను సీసాలో నీళ్లు పట్టుకుని వచ్చేసరికి మా ఆయన పక్కకి ఒరిగిపోయి ఉన్నారు. నోరు వంకర పోయింది, కుడి చెయ్యి వేలాడుతోంది. సరిగ్గా అప్పుడే గేటు తెరుచుకుని చైర్మన్ కారు బయటికి వచ్చింది. దారికి అడ్డంగా మా ఆయన కాళ్లున్నాయి. డ్రైవరు హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. వెనక సీట్లో వాడు ఫోను చూసుకుంటున్నాడు, తల కూడా ఎత్తలేదు. నేనొక్కదాన్నే ఆయన్ని చంకల కింద చేతులు వేసి పక్కకి లాగాను. కారు వెళ్లిపోయింది.

ఆ హారన్ ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆసుపత్రి బల్ల మీద కూర్చుని ఆ రోజే అనుకున్నాను, నా డబ్బు సంగతి తర్వాత, వీడి సొంత సొమ్ము, వీడికి నొప్పి పుట్టేలా కక్కించకపోతే నేను నేను కాదని.

ఈలోగా కంపెనీ బోర్డు తిప్పేసింది. టెర్రస్ మీద బోర్డు మాత్రం అలాగే వెలుగుతోంది. బ్యాంకులు కోర్టుకి వెళ్లాయి, కంపెనీ దివాలా తీసిందని కోర్టు తేల్చింది. చైర్మన్ కుర్చీలో ఒక ఆఫీసరుని కూర్చోబెట్టింది. బాకీ ఉన్నవాళ్లంతా రుజువులతో ఆయన దగ్గర క్లెయిమ్ పెట్టుకోవాలి. నేనూ పెట్టాను. ఆ దివాలా ఆఫీసరుకి ఎప్పుడూ జలుబే. ముక్కు తుడుచుకుంటూ ఓపికగా విడమరిచి చెప్పాడు.

"ముందు బ్యాంకులమ్మా. తర్వాత ఫ్లాట్లు కొన్నవాళ్లు. మిగిలిందాంట్లో మీలాంటి కాంట్రాక్టర్లు. కంపెనీని కొనడానికి ఒకాయన వచ్చాడు కాబట్టి మీకూ ఎంతో కొంత ముడుతుంది."

"మరి చైర్మన్ బంగళా సంగతేంటి సార్?"

"కంపెనీ అప్పు కంపెనీదే. ఆయన్ని అడగలేం. పైగా బంగళా ఆయన పేరు మీద లేదుగా."

"అంటే ముంచినవాడు చేతులు దులుపుకుని ఇంటికెళ్లి పడుకుంటాడన్నమాట!"

ఆఫీసరు తుమ్మాడు. తర్వాత అసలు మాట బయటపెట్టాడు. మేం చేసిన టెర్రస్ పనే తను చేశానని ఇంకొకరు కూడా క్లెయిమ్ పెట్టారట. ఇంకెవరు, బావమరిది! మునిగే కంపెనీలోంచి చివరి చెంబుడు కూడా తోడుకుపోదామని చైర్మన్ ఎత్తు. సున్నం డబ్బా మూత తీయడం కూడా రానివాడు వాటర్‌ప్రూఫింగ్ కాంట్రాక్టరు అయిపోయాడు. నా ఒళ్లు మండిపోయింది. పని ఎవరిదో అందరి ముందూ తేలుస్తానని ఆఫీసరు ఒక రోజు పెట్టాడు.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. డబ్బు రాలేదంటే ఊరుకున్న మనిషి, పని తనది కాదన్నారంటే ఊరుకోలేకపోయారు. ఎడం చేత్తో గుండెల మీద కొట్టుకుని, తనే వచ్చి చెప్తానని సైగ చేశారు. అప్పటికి ఆయనకి ఒక్కో మాటే వచ్చేది, అదీ సగం నోట్లోనే ఉండిపోయేది. మాటలు నేర్పడానికి ఇంటికొచ్చే అమ్మాయి ఉండేది. ఆమె చేత ఒక వాక్యం తయారు చేయించుకున్నారు, 'ఆ టెర్రస్ పని నేనే చేశాను' అని. పొద్దున లేస్తే అదే, స్నానాల గదిలో అదే, అద్దం ముందు అదే. 'టె' దగ్గర నాలుక మడత పడేది. 'తెర్రస్' అనేవారు, కోపంతో కుర్చీ చేతిని గుద్దేవారు, మళ్లీ మొదలుపెట్టేవారు. ఆ ఒక్క వాక్యం కోసం ఆయన పడ్డ కష్టం చూస్తే రాయికైనా కన్నీళ్లొస్తాయి. నాకు కన్నీళ్లూ వచ్చాయి, కసీ పెరిగింది.

ఆ రోజు మమ్మల్నందర్నీ బిల్డింగులోనే పిలిచారు. కొనేవాళ్లకి చూపించడానికి అలంకరించి పెట్టిన మోడల్ ఫ్లాట్లో. గోడకి అట్టముక్కతో చేసిన టీవీ, బల్ల మీద ప్లాస్టిక్ ఆపిల్ పళ్లు, అలమరలో లోపల కాగితాలు లేని పుస్తకాల అట్టలు. చైర్మన్ కంపెనీకి అంతకంటే తగిన చోటు ఇంకోటి లేదు. ఆఫీసరు ఆ ప్లాస్టిక్ ఆపిల్ పళ్లని పక్కకి జరిపి కూర్చున్నాడు. ఓ పక్క ఫ్లాట్ల వాళ్లు, ఓ పక్క టైల్సు మేస్త్రి, పెయింటరు, మేము. సోఫాలో తెల్ల బూట్లు చాపుకుని చైర్మన్, పక్కన ఇస్త్రీ మడత నలగని చొక్కాలో బావమరిది.

నా ఫోనులో అన్నీ ఉన్నాయి. మడమల లోతు నీళ్లలో నిలబడి మీసం తిప్పుతున్న మా ఆయన ఫోటోలు, పూత వేస్తున్న వీడియోలు. పది మందిలో బావమరిది పరువు తీసి పంపాలనే వెళ్లాను.

ముందు బావమరిదిని అడిగాడు ఆఫీసరు. "ఈ పని మీరే చేశారా?"

"నేనే సార్. నా సొంత మనుషుల్తో. పదేళ్ల గ్యారంటీ కూడా ఇచ్చాను, నా సొంత పేరు మీద. చదవండి కావాలంటే."

ఇక్కడ మా పనిలో ఒక పద్ధతి చెప్పాలి. చేసినవాడు తన పేరు మీద పదేళ్ల గ్యారంటీ రాసివ్వనిదే వాటర్‌ప్రూఫింగ్ చివరి బిల్లు పాసవదు. మేమూ రాసేవాళ్లం. కాకపోతే కింద ఒక మాట తప్పకుండా ఉంటుంది, పైన మేకు కొట్టినా, బోల్టు దించినా గ్యారంటీ చెల్లదని. ఆ మాట లేకుండా బుద్ధున్న మేస్త్రి ఎవడూ సంతకం పెట్టడు. బావమరిది మా కాగితం చూసే తనది తయారు చేసుకున్నాడు. కానీ ఆ మాట ఎలా ఉంచుతాడు? బోల్టులు దించింది తనే, బోర్డు రోడ్డంతటికీ కనపడుతోంది. ఆ మాట ఉంటే గ్యారంటీ అక్కడికక్కడే చచ్చి, క్లెయిమ్‌లో కోత పడుతుంది. అందుకని అది తీసేసి, తెలివి ఎక్కువై, 'ఏ కారణం చేత కారినా నాదే పూచీ' అని రాసుకొచ్చాడు. ఆఫీసరు పైకి చదువుతుంటే నేను నా చెవుల్ని నమ్మలేకపోయాను.

పై అంతస్తులో ఉండే టీచరమ్మ లేచింది. మూడు బకెట్లు మంచం చుట్టూ పెట్టుకుని నిద్రపోయే మనిషి ఆవిడ. "అయితే మా పడగ్గది కారుతోంది కదండీ, మీరు బాగుచేస్తారా?"

బావమరిది బావగారి వైపు చూశాడు. చైర్మన్ అతని మోకాలి మీద తట్టి, "చేస్తాడమ్మా, మావాడు మాటంటే మాటే" అన్నాడు నవ్వుతూ. ముందు డబ్బు చేతికొస్తే తర్వాత అడిగేదెవరని వాడి ధీమా.

అప్పుడు తట్టింది నాకు. నేను ఫోటోలు చూపిస్తే ఏమవుతుంది? బావమరిది తలదించుకుని వెళ్లిపోతాడు. మాకు ఎప్పటికో కంపెనీ సొమ్ములోంచి కొంత రాలుతుంది. చైర్మన్ బంగళాకి పోయి కాలు మీద కాలేసుకుంటాడు. అదే నేను నోరు మూసుకుంటే? కంపెనీ అప్పు వాళ్ల బంగళాని అంటుకోదు. బావమరిది సొంత పేరు మీద రాసిచ్చిన గ్యారంటీ మాత్రం పోయి పోయి బావమరిది పేరు మీదున్న బంగళాకే చుట్టుకుంటుంది. ఇన్నాళ్లూ ఎవరూ ముట్టుకోలేని ఆస్తికి బావమరిదే తలుపు తీసి రమ్మంటున్నాడు.

సరిగ్గా ఆ క్షణాన మా ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేచారు.

"ఆ... తె... తెర్రస్..."

గదంతా ఆయన వైపు తిరిగింది. ఆయన మొహం ఎర్రబడింది, మెడ నరాలు బిగుసుకున్నాయి. "తెర్రస్ ప... పని..."

నేను ఆయన భుజం మీద చెయ్యేసి గట్టిగా కూర్చోబెట్టాను. "మా ఆయనకి ఒంట్లో బాలేదు సార్. ఏదో అంటుంటారు, పట్టించుకోకండి. నా క్లెయిమ్ వెనక్కి తీసుకుంటున్నాను."

ఆయన నా వైపు చూశారు. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. అంత చిన్నబోయిన మొహం, మెట్ల మీద పడిపోయిన రోజు కూడా చూడలేదు.  అయినా ఆయన భుజం మీంచి చెయ్యి తియ్యలేదు.

"ఆలోచించుకోమ్మా," అన్నాడు ఆఫీసరు. "మళ్లీ పెట్టడానికి ఉండదు."

"ఆలోచించాను సార్. పని బావమరిదిగారే చేశానంటున్నారు, గ్యారంటీ ఆయనే ఇచ్చానంటున్నారు. రాసుకోండి. అందరి ముందూ సంతకం కూడా పెట్టించుకోండి."

బావమరిది ఒకటికి రెండు చోట్ల వంకీలు తిప్పి మరీ సంతకం పెట్టాడు. బయటికి వస్తుంటే చైర్మన్ నా పక్కకి వచ్చి, "ఇప్పటికైనా తెలివి తెచ్చుకున్నావమ్మా. పెద్దవాళ్లతో పెట్టుకుని ఎవరు బాగుపడ్డారు చెప్పు?" అన్నాడు.

"అవునండీ," అన్నాను తల వంచుకుని. పళ్లు నూరుకుంటున్న చప్పుడు వాడికి వినపడకూడదని.

ఇంటికొచ్చాక మా ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. టీ ఇస్తే గ్లాసు పక్కకి నెట్టేశారు. నేను అన్నీ విడమరిచి చెప్పాను, గ్యారంటీ గురించి, బంగళా గురించి. వింటున్నారో లేదో కూడా తెలియలేదు. మాటలు నేర్పే అమ్మాయి వచ్చి, పలకరించి, పలకరించి వెళ్లిపోయింది. ఆ వాక్యం ఇంట్లో మళ్లీ వినపడలేదు. నేను వంటింట్లోకి పోయి కూర్చుని ఏడ్చాను. ఏడుపయ్యాక చైర్మన్‌ని తనివితీరా తిట్టాను. ఆ పైన చీర మార్చుకుని టీచరమ్మ ఇంటికి వెళ్లాను.

"టీచరమ్మా, కంపెనీ వెంట పడకండి. అందులో ఏమీ లేదు. ఆ గ్యారంటీ కాగితం వెంట పడండి. అది బావమరిది సొంత పేరు మీద ఉంది."

టీచరమ్మ కళ్లజోడు సర్దుకుని నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "అసలు పని చేసింది మీరే కదూ?" అంది.

"ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం."

ఆవిడ పై అంతస్తు వాళ్లందర్నీ కూడగట్టి బావమరిది మీద కోర్టుకి వెళ్లింది. వాన కూడా మా పక్షానే ఉంది. ఒక ఇంట్లో సీలింగు పెచ్చు ఊడి సరిగ్గా భోజనాల బల్ల మీద పడింది. టెర్రస్ బాగుచేసి, పాడైన ఇళ్లకి నష్టం కట్టేదాకా బావమరిది ఆస్తులు జప్తు అంది కోర్టు. అతని క్లెయిమ్‌లో కూడా అప్పటిదాకా పైసా కదపనని దివాలా ఆఫీసరు కూర్చున్నాడు. 'చేసింది నేను కాదు' అని అతను అందామనుకుంటే, కోర్టుకి దొంగ క్లెయిమ్ పెట్టినందుకు జైలు. కక్కలేడు, మింగలేడు.

బంగళా గేటుకి నోటీసు అంటించారని తెలిసి నేను రెండు బస్సులు మారి పోయాను, ఊరికే చూడటానికి. గేటు ముందు నిలబడి మొదటి అక్షరం నుంచి చివరి ముద్ర దాకా చదివాను. లోపల చైర్మన్ భార్య తమ్ముణ్ణి తిడుతున్న గొంతు రోడ్డు మీదికి వినపడుతోంది. ఎన్నాళ్లకో ఆ రోజు నాకు ఆకలేసింది.

మరమ్మతు చేయించి బయటపడదామని బావమరిది మేస్త్రుల చుట్టూ తిరిగాడు. ఒక్కడూ ఒప్పుకోలేదు. మా వాళ్లలో ఒక కట్టుబాటు ఉంది, ఒక మేస్త్రి వేసిన పూత మీద అతని మాట లేకుండా ఇంకో మేస్త్రి చెయ్యి పెట్టడు. కింద ఏ మందు ఎంత పాళ్లలో ఉందో వేసినవాడికే తెలుసు. తెలియక కెలికితే ఆ పాపం కెలికినవాడికే చుట్టుకుంటుంది. "అది చుక్క మేస్త్రి టెర్రస్. ఆయన్నే అడగండి," అన్నారట అందరూ. ఎవరిదో తెలియనట్టు నటించింది ఆ మోడల్ ఫ్లాట్లోనే కానీ, మేస్త్రులందరికీ తెలుసు.

బావమరిది మా ఇంటికొచ్చాడు. ఇస్త్రీ లేదు. "అక్కా..." అని మొదలుపెట్టాడు.

"నీకు అక్క బంగళాలో ఉంది. నాతో మాట్లాడాలంటే మీ బావగారిని రమ్మను."

మర్నాడు వచ్చాడు చైర్మన్. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. "మా ఆయన పడుకున్నారండీ. ఆయన లేచాక మాట్లాడుకుందాం."

"ఎప్పుడు లేస్తారు?"

"అది ఆయన ఇష్టం కదా."

మా గుమ్మం ముందు కుర్చీ లేదు. ఉన్నా వేసేదాన్ని కాదు. వాడు కాసేపు నిలబడ్డాడు, చేతిరుమాలుతో మెట్టు తుడుచుకున్నాడు, కూర్చున్నాడు. నేను లోపల బియ్యం ఏరుకుంటూ కిటికీలోంచి చూస్తున్నాను. ఇంతలో మేడ మీద అద్దెకుండే ఆయన స్కూటర్ వేసుకుని వచ్చాడు. దారికి అడ్డంగా మనిషి కనపడేసరికి హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. చైర్మన్ గబుక్కున లేచి గోడకి ఆనుకున్నాడు. నేను చెప్పి కొట్టించలేదు సుమండీ! ఆ హారన్ దానంతటదే వచ్చింది. కానీ అంత తియ్యటి చప్పుడు నా జన్మలో వినలేదు.

చాలాసేపటికి పిలిచి లెక్క చెప్పాను. మా పాత బాకీ మొత్తం, దాని మీద వడ్డీ, ఆసుపత్రి ఖర్చు, ఇప్పటి మరమ్మతు. అంతా పని మొదలుపెట్టక ముందే. పైన బోర్డు పీకేయాలి.

"ఇది దోపిడీ!" అన్నాడు.

"అయితే వెళ్లిరండి. జాగ్రత్త, మెట్టు ఎత్తుగా ఉంటుంది."

వాడు కదల్లేదు.  "బోర్డు కూడానా?" అన్నాడు నీరసంగా.

"ముందు బోర్డే."

నెల తిరిగేసరికి డబ్బు వచ్చింది. కంపెనీది కాదు, మరమ్మతు కోసమని కోర్టు అనుమతి తీసుకుని బావమరిది స్థలం ఒకటి అమ్మిన డబ్బు. దుకాణంవాడి బాకీ ఆ పూటే వాడి మొహాన కొట్టాను. సంతోషం పట్టలేక మంచం దగ్గరికి పరుగెత్తాను. "చూశారా! సొంత డబ్బు! కక్కించాను!"

మా ఆయన నా వైపు తిరిగారు. అన్నాళ్లకి మొదటిసారి నోరు తెరిచారు. ఒక్కో మాటా పేర్చుకుంటూ అడిగారు.

"ఆ టెర్రస్ పని... ఎవరు... చేశారు?"

నేను మంచం అంచున కూర్చున్నాను. "మీరే."

"అక్కడ... చెప్పు."

అక్కడంటే ఎక్కడో నాకు తెలుసు. ఎవరి ముందు నోరు నొక్కానో వాళ్ల ముందు. నాకు ఏడుపొచ్చింది. "చెప్తాను. పని అయిపోయి, నీళ్లు నిలబెట్టి చూపించిన రోజున చెప్తాను. అంతవరకు ఆగండి." ఆయన సరే అనలేదు. కానీ ఆ పూట టీ తాగారు.

బోర్డు దించేశారు. అక్షరం అక్షరం తాడు కట్టి కిందికి దింపుతుంటే రోడ్డు మీద జనం ఆగి చూశారు. మా ఆయన్ని లిఫ్టులో పైకి తీసుకెళ్లి కుర్చీ వేశాం. ఆయన చేతికర్రతో చూపించడం, మా మనుషులు చెయ్యడం. బోల్టుల చిల్లులన్నీ తవ్వించారు, కడిగించారు, పూత మీద పూత వేయించారు. చివరికి నీళ్లు నింపాక సుద్దముక్క అడిగి తీసుకుని, ఎడం చేత్తో గోడ మీద గీత గీశారు. అది వంకరగా వచ్చింది. ఎవరినీ సరిచెయ్యనివ్వలేదు.

నీళ్లు చూసే రోజున అందర్నీ పిలిచాను. ఫ్లాట్ల వాళ్లు, టైల్సు మేస్త్రి, పెయింటరు, ఆ రోజు మోడల్ ఫ్లాట్లో ఉన్నవాళ్లంతా వచ్చారు. జప్తు ఎత్తేయడానికి ఫ్లాట్ల వాళ్ల సంతకాలు కావాలి కాబట్టి చైర్మన్, బావమరిది కూడా వచ్చారు. నీళ్లు గీతకి ఆనుకుని నిలబడి ఉన్నాయి. టీచరమ్మ కింద నుంచి వచ్చి, "పొడిగా ఉందండీ! బకెట్లు తీసేశాను," అంది. అక్కడే సంతకాలు పెట్టేశారు.

అప్పుడు నేను గొంతు సవరించుకున్నాను.

"అందరూ ఒక్క మాట వినండి. ఈ టెర్రస్ పని చేసింది ఈయన. ఇప్పుడే కాదు, మొదట చేసిందీ ఈయనే. ఆ రోజు లేచి ఆ మాటే చెప్పబోయారు. ఒంట్లో బాలేక ఏదో అన్నారని నేను అబద్ధమాడాను. ఆయన మాట ఆయనకి బాగానే ఉంది. నొక్కేసింది నేను."

బావమరిది ఎగిరి గంతేశాడు. "విన్నారుగా! పని వీళ్లదేనట! అయితే గ్యారంటీ కూడా వీళ్లదే!"

"అలాగా?" అంది టీచరమ్మ, పరీక్ష రాయని పిల్లాణ్ణి చూసినట్టు చూసి. "అయితే ముందు కోర్టుకి వెళ్లి, దొంగ క్లెయిమ్ పెట్టానని చెప్పి రండి. మేం ఇక్కడే ఉంటాం."

చైర్మన్ బావమరిది చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. "నోర్ముయ్," అన్నాడు పళ్ల మధ్య నుంచి. ఆ లాగడంలో తెల్ల బూటు కట్ట దాటి నీళ్లలో పడింది.

మా ఆయన కర్ర ఊతంతో లేచారు. ఈసారి నేను చెయ్యి వేయలేదు, సాయానికి కూడా. ఆయన గాలి పీల్చుకున్నారు. గుడ్లురిమి చైర్మన్ వైపే చూస్తూ, 'టె' దగ్గర ఒక్క క్షణం ఆగి, దాన్ని దాటారు.

"ఆ టెర్రస్ పని నేనే చేశాను."

టైల్సు మేస్త్రి చప్పట్లు మొదలుపెట్టాడు. అది అయిపోయిందనుకున్నాం, ఆయన నేర్చుకున్న వాక్యం అంతవరకే. కానీ ఆయన కూర్చోలేదు. కర్ర ఎత్తి ఒకసారి తన గుండె వైపు, ఒకసారి వాళ్లిద్దరి వైపు చూపించారు. ఎవరూ నేర్పని మాట, ఆయనంతట ఆయనే వెతుక్కుని అన్నారు.

"పని... నాది. పదేళ్ల గ్యారంటీ... మీది."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత టీచరమ్మ పకపకా నవ్వి, గ్యారంటీ కాగితం మడతపెట్టి హ్యాండుబ్యాగులో వేసుకుని జిప్పు లాగింది. బావమరిది మొహంలో నెత్తురు చుక్క లేదు. మా ఆయన మాత్రం నా వైపు తిరిగి వంకర నోటితో నవ్వారు, కర్ర నా చేతికిచ్చి ఎడం చేత్తో మీసం దువ్వుకున్నారు.